తాళంచెవుల వైద్యం

ఆ పట్నంలో మూర్ఛకి రెండు ఆసుపత్రులుండేవి. ఒకటి ప్రభుత్వంవారి పెద్దాసుపత్రి. రెండోది, దాని గేటుకి ఎదురుగా రోడ్డవతల ఉన్న అప్పలాచారి తాళాల బడ్డీ. మొదటిదానికి మూడంతస్తులూ, ఒక సూపరింటెండెంటూ, ఎవరో ప్రారంభించినట్టు చెప్పే పాలరాయీ ఉన్నాయి. రెండోదానికి రేకు కప్పూ, ఆకురాయీ, మేకులకి వేలాడే తాళాల గుత్తులూ తప్ప ఏమీ లేవు. అయినా రోడ్డు మీద ఎవరైనా ఫిట్స్ వచ్చి పడిపోతే జనం ముందు పరిగెత్తేది బడ్డీకే. చేతికందిన గుత్తి లాక్కెళ్ళి పడినవాడి గుప్పిట్లో పెట్టేవారు. కాసేపటికి కొట్టుకోవడం ఆగేది. మనిషి లేచి, చుట్టూ చూసి, సిగ్గుపడి, చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయేవాడు. గుత్తి మళ్ళీ మేకు మీదికి వచ్చేది. ఒక్కోసారి రాకుండానూ పోయేది.

ఈ వైద్యం మీద అప్పలాచారికి నమ్మకం ఉందా అంటే, నలుగురిలో ఉండేది, ఇంట్లో ఉండేది కాదు. ఎందుకంటే అతని ఒక్కగానొక్క కూతురు నూకరత్నానికే ఫిట్స్ వచ్చేవి.

రత్నానికి పద్నాలుగేళ్ళు. బడి వదలగానే వచ్చి బడ్డీలో కూర్చునేది. తండ్రి కళ్ళజోడు కోసం తడుముకునేలోపు ఆ పిల్ల తాళంచెవిని వేళ్ళతో తడిమి ఇది ట్రంకు పెట్టెది, ఇది సైకిలుది, ఇది రైసుమిల్లు గొడౌనుది అని తేల్చేసేది. ఒకసారి ఒక పెద్దమనిషి వెళ్ళిపోయాక, "ఇది అబద్దాలాడీవోడి బీరువాది నాన్నా. రెండు డూప్లికేట్లు సేయించినాడు, పెళ్ళానికి ఒకటే సూపిత్తాడు" అంది. అప్పలాచారి కడుపుబ్బ నవ్వాడు. ఆ పిల్ల ఉంటే బడ్డీలో రేడియో అక్కర్లేదని టీకొట్టువాళ్ళు అనేవారు.

రత్నానికి ఫిట్స్ వస్తే మొదట్లో అతనూ గుత్తే పెట్టేవాడు. మామూలుగా ఆగిపోయేవి. ఒక్కసారి మాత్రం ఆగలేదు. గుత్తి మార్చాడు, ఇంకా పెద్ద గుత్తి పెట్టాడు, అయినా ఆగలేదు. భార్య కనకం గుత్తిని విసిరి కొట్టి, పిల్లని ఒక పక్క తను పట్టి, రెండో పక్క మొగుడిచేత పట్టించి రోడ్డు దాటించేసింది. డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ ప్రణవి చేతిలో పని వదిలేసి వచ్చి ఇంజక్షను ఇచ్చింది. రత్నం నిద్రపోయింది. లేచాక మిరపకాయ బజ్జీలు అడిగింది.

"చూడండి ఆచారిగారూ, మామూలు ఫిట్స్ వాటంతటవే ఆగిపోతాయి. చేతిలో తాళాలు పెట్టినా ఆగుతాయి, తమలపాకు పెట్టినా ఆగుతాయి. మీరు ఏమీ పెట్టక్కర్లేదు, పక్కకి తిప్పి పడుకోబెట్టండి చాలు. ఐదు నిమిషాలైనా ఆగలేదంటే ఇక వాటంతటవి ఆగవనుకోవాలి. ఆలస్యమైనకొద్దీ మెదడుకి దెబ్బ. అప్పుడు ఇంజక్షను ఒక్కటే దారి. ఎదురుగానే ఉన్నాం కదా, పరిగెత్తుకొచ్చేయండి," అంది ప్రణవి.

అప్పలాచారికి అంతా అర్థమైంది. అర్థం కాకపోతే అతని పాపం కొంత తగ్గి ఉండేది.

ఇలా ఉండగా ఆరోగ్యశాఖకి ఫలితాల మీద ప్రేమ పుట్టింది. అంతకుముందు ఏడాది ఆ ప్రేమ చేతులు కడుక్కోవడం మీద ఉండేది. దాని గుర్తుగా ఆసుపత్రి గోడలనిండా పోస్టర్లు మిగిలాయి, కుళాయిలే లేవు. ఈసారి రాజధానినుంచి వచ్చిన సర్క్యులరు ఏమన్నదంటే, ఆగకుండా వచ్చే ఫిట్స్‌కి ఆసుపత్రిలో ఏమవుతున్నదో, సమాజంలో ఏమవుతున్నదో పోల్చి చూడవలెను, ఎక్కడ ఫలితములు మెరుగ్గా ఉన్నవో అక్కడి పద్ధతిని రెండవచోట ప్రవేశపెట్టవలెను. వినడానికి బాగానే ఉంది. సర్క్యులర్లన్నీ వినడానికి బాగానే ఉంటాయి, అమలు జరిపేవాళ్ళ బుర్రల్లోంచి వెళ్ళవలసి రావడమే వాటి దురదృష్టం.

సర్క్యులరు వెనకే ఒక సలహాదారు కూడా దిగాడు. పేరు అనిరుధ్. మెడలో తాడుకి తన ఫోటో తనే వేలాడదీసుకుని తిరిగేవాడు. అతను వైద్యం చదవలేదు. చదివితే దృష్టి పక్షపాతంగా మారుతుందని మానేశానని చెప్పేవాడు. నెల్లాళ్ళపాటు బడ్డీ పక్క టీకొట్టు బల్ల మీద కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఏదో కొట్టుకున్నాడు. రోడ్డు మీద పడినవాళ్ళు లేచి వెళ్ళిపోతుండగా అతను చూశాడు. లేవనివాళ్ళని ఎత్తుకుని గేటు లోపలికి పట్టుకుపోవడం కూడా చూశాడు. కానీ గేటు దాటాక వాళ్ళు సమాజం కాదు, ఆసుపత్రి. కాబట్టి ఆ పద్దులోకి వేశాడు.

ఆసుపత్రి పద్దు ఎలాగూ బాగులేదు. కొండ ఊళ్ళనుంచి డోలీల్లోనూ ఆటోల్లోనూ వచ్చేవాళ్ళు, పొద్దుట మొదలైన ఫిట్స్ మధ్యాహ్నానికీ ఆగకుండా వచ్చేవాళ్ళు, వాళ్ళందరూ అందులోనే ఉన్నారు. కొందరు పోయారు. కొందరికి చెయ్యి పడిపోయింది, కొందరికి మాట పోయింది. బతికి బట్టకట్టినవాళ్ళు డాక్టర్ల చలవ వల్లే బతికారు, కానీ అది చెప్పడానికి ఆ ల్యాప్‌టాప్‌లో గడి లేదు.

ఒకరోజు ప్యూను బడ్డీకి వచ్చి, "సూపరింటెండెంటుగారు రమ్మంటున్నారు" అన్నాడు. ఏ టాయిలెట్టు తలుపో బిగుసుకుని ఉంటుందని అప్పలాచారి పనిముట్ల సంచీ తీశాడు. సంచీ అక్కర్లేదన్నాడు ప్యూను. తీసుకెళ్ళి మీటింగు హాల్లో కుర్చీ వేశారు. ముందు ప్లేట్లో క్రీము బిస్కట్లు పెట్టారు. కుర్చీ ముందు బల్ల మీద 'సమాజ ప్రతినిధి' అని అట్టముక్క నిలబెట్టారు. ఆ భవనంలో అప్పలాచారి అప్పటికి ఎన్నో తలుపులు బాగుచేశాడుగానీ కూర్చోవడం అదే మొదలు.

సూపరింటెండెంటు గరుడాచలంగారు గొంతు సవరించుకున్నారు. ఆయనకి రిటైరుమెంటు దగ్గరపడింది. ఈలోగా ఉత్తమ ఫలితాల పురస్కారం ఒకటి అందుకుని, ఆ ఫోటో వరండాలో తగిలించి మరీ వెళ్ళాలని కోరిక.

"ఇందుమూలముగా సభవారికి తెలియజేయునదేమనగా, మూర్ఛ విషయమై సమాజమందు ఫలితములు నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు సంతృప్తికరముగానూ, మన సంస్థయందు మిక్కిలి శోచనీయముగానూ ఉన్నవి. తేడా ఎక్కడ ఉన్నదో అనిరుధ్‌గారు పరిశోధించి కనుగొన్నారు. సమాజమందు తాళాల గుత్తి వాడుచున్నారు. మనము వాడుట లేదు," అన్నారు.

ప్రణవి లేచి నిలబడింది. "సర్, రోడ్డు మీద ఆగిపోయేవి మన దగ్గరికి రావు. ఆగనివే వస్తాయి. ఊళ్ళో చిన్న చిన్న మంటలు చెంబుడు నీళ్ళతో ఆరిపోతాయి. ఆరనివాటికే ఫైరింజను వస్తుంది. కాలిపోయిన ఇళ్ళన్నీ ఫైరింజను వచ్చిన ఇళ్ళే కాబట్టి ఫైరింజనే ఇళ్ళు కాలుస్తోందంటామా?"

హాల్లో అందరూ ఆలోచనలో పడ్డారు. అనిరుధ్ తల ఊపుతూ నోట్ చేసుకున్నాడు. "చాలా మంచి పాయింట్ మేడం. ఫైరింజన్ల విషయంలో కూడా ఇలాంటి అధ్యయనం జరగాలని సంబంధిత శాఖకి రాస్తాను."

ప్రణవి ఇక అతన్ని వదిలేసి అప్పలాచారి వైపు తిరిగింది. "ఆచారిగారూ, మీ అమ్మాయికి ఆరోజు దేంతో తగ్గిందో మీరు చెప్పండి."

హాలంతా అప్పలాచారి వైపు చూసింది. నిజం నాలిక చివరే ఉంది. నాలిక మీద క్రీము బిస్కట్టు కూడా ఉంది. పక్కన గరుడాచలంగారు 'ఆచారిగారు' అని గారు తగిలించి పిలుస్తున్నారు. జన్మలో ఒకసారి దొరికిన కుర్చీలోంచి లేచి, నా గుత్తి దేనికీ పనికిరాదని ఏ మగాడు చెబుతాడు?

"మా తాతలకాడి నుంచి వస్తన్న ఇద్దె బాబూ ఇది," అన్నాడు.

చప్పట్లు కొట్టారు. ప్రణవి కూర్చుండిపోయింది.

ఇంటికి వెళ్ళి సంగతి చెబితే కనకం అన్నం పెట్టడం ఆపి నిలబడింది. "మరి రత్నం సంగతి సెప్పినావా?"

"అడగనేదే."

"అడిగీవుంటారు. నువ్వు బిస్కత్తు నవుల్తన్నావేమో," అంది కనకం. ఆవిడ ఆ హాల్లో లేదు. అయినా పాతికేళ్ళ కాపురం చేసిన మనిషికి చూడకపోయినా తెలుస్తుంది.

ఆ మర్నాటినుంచి పెద్దాసుపత్రిలో సంస్కరణలు మొదలయ్యాయి. గుత్తి పెట్టడానికి 'హస్తలోహ విధానము' అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టాక దాన్ని ఎవరూ మోటు వైద్యం అనలేకపోయారు. రోడ్డు మీద మంచం లేదు గనక ఫిట్స్ వార్డులో మంచాలు తీసేశారు. నేల మీద తారు పోయించారు. రోడ్ల శాఖవారే పోశారు కాబట్టి వారం తిరక్కుండా అందులో గుంటలు కూడా సహజంగా ఏర్పడ్డాయి. ఒక మూల టీకొట్టు పెట్టించారు. దానికి 'సమాజ వార్డు' అని బోర్డు తగిలించారు.

సమాజం అన్నాక జనం ఉండాలి. అవుట్‌సోర్సింగు మీద జనాన్ని నియమించారు. ఒకడు "అయ్యో పాపం" అనాలి. ఒకడు "గాలాడనివ్వండి" అంటూ మీద పడాలి. ఒకడు "ఎవరి తాలూకా?" అని అడగాలి. ఒకడు సెల్‌ఫోన్‌లో వీడియో తియ్యాలి. ఒకడు తన బావమరిదికి కూడా ఇలాగే అయిందని కథ చెప్పాలి. మొదట్లో వాళ్ళు కొంచెం బిడియపడ్డారు. రాజధానిలో మూడురోజుల శిక్షణ ఇప్పించాక బాగా మెరుగయ్యారు. ఉల్లిపాయ వాసనా, తోలుచెప్పు వాసనా చూపించే విషయమై ఒక ఉపసంఘం వేసి, నోరు మూయించడానికి ప్రణవినే దానికి కన్వీనరు చేశారు. ఎడమ చెప్పా, కుడి చెప్పా అన్నది తేలే వరకూ ఆవిడకి వేరే పని చెప్పకూడదని ఉత్తర్వు. ఆవిడ చెప్పుల ఫైలు పక్కన పడేసి, వార్డులోనే ఉండేది.

ఇక ఇంజక్షను. అనిరుధ్ కేసుషీట్లన్నీ తిరగేసి ఒక భయంకరమైన సత్యం కనిపెట్టాడు. ఆసుపత్రిలో ఫిట్స్‌తో చనిపోయిన ప్రతివాడికీ చనిపోయే ముందు ఇంజక్షను ఇచ్చారు. రోడ్డు మీద లేచి వెళ్ళిపోయిన ఏ ఒక్కడికీ ఇవ్వలేదు. ఇంకేం కావాలి? ఇన్నాళ్ళూ తన కళ్ళముందే ఇంత ఘోరం జరుగుతుంటే గమనించనందుకు గరుడాచలంగారు నిజంగానే బాధపడ్డారు. ఇంజక్షన్లన్నీ ఒక ఇనపబీరువాలో పెట్టించి, తన లిఖితపూర్వక అనుమతి లేనిదే తెరవరాదన్నారు. దానికి గట్టి తాళం కప్ప చెయ్యమని అప్పలాచారినే పిలిపించారు.

అప్పలాచారి ఆ కప్పకి మనసు పెట్టాడు. లోపల ఏడు లీవర్లు, ఒక్కోటీ చేత్తో రాకి కూర్చాడు. రత్నం పక్కన కూర్చుని లీవర్లు అందించింది. అంత మంచి కప్ప అతను అంతకుముందు చెయ్యలేదు. బిగించాక గరుడాచలంగారి ముందు లాగి చూపించాడు.

"దీనికున్నదొక్కటే సెవి, అది నేకండా నానే ఇప్పలేను బాబూ."

"అదీ పనితనం అంటే," అన్నారు గరుడాచలంగారు. ఆ రాత్రి అప్పలాచారికి కంటినిండా నిద్ర పట్టింది.

అయితే ఒక చిక్కొచ్చింది. హస్తలోహ విధానంలో కూడా ఫిట్స్ ఆగనివాళ్ళకి ఆగలేదు. గుత్తులు మార్చారు, బరువు పెంచారు, జనాన్ని ఇంకొంచెం గట్టిగా అయ్యో అనమన్నారు. లాభం లేదు. అనిరుధ్ మళ్ళీ టీకొట్టు బల్లెక్కి ఆలోచించి, రోడ్డు మీద వాడే తాళంచెవులు నిజంగా ఏదో ఒక తాళానికి పట్టేవి, ఆసుపత్రివి కొత్తగా పోతపోయించినవి, దేనికీ పట్టవు, కాబట్టి వాటిలో గుణం లేదని తేల్చాడు. గుత్తిలో 'వాడుకలో ఉన్న తాళంచెవులు' మాత్రమే ఉండవలెనని ఉత్తర్వు వచ్చింది. పెద్దాసుపత్రిలో వాడుకలో ఉన్న తాళంచెవులన్నీ పోగుచేసి గుత్తులు కట్టి సమాజ వార్డులో వేలాడదీశారు. ఎక్స్‌రే గదిది, జనరేటరు గదిది, ఆడవాళ్ళ టాయిలెట్టుది, అన్నీ. ఆనాటినుంచి ఎక్స్‌రే తియ్యాలంటే ముందు ఫలానా రోగి గుప్పిట విప్పాడా లేదా అని కనుక్కుని రావలసి వచ్చేది. ఒకరోజు మార్చురీ తాళంచెవి ఒకాయన గుప్పిట్లో ఇరుక్కుపోతే, ఆ పూట పోయినవాళ్ళని వరండాలో వెయిటింగులో ఉంచారు.

అయినా ఆగనివాళ్ళ బంధువులు తిట్టుకుంటూ రోగిని మళ్ళీ ఆటోలో వేసుకుని పక్క జిల్లాకి పట్టుకుపోయేవారు. కొందరు దారిలో పోయేవారు, వాళ్ళు దారి పద్దులోకి పోయేవారు. పక్క జిల్లా ఆసుపత్రి ఫలితాలు పాడైపోయాయి. పెద్దాసుపత్రి ఫలితాలు మాత్రం నెల నెలా పైకి పోయాయి. పురస్కారం ఖాయమని రాజధానినుంచి ఫోను వచ్చింది.

ప్రణవి ఒకసారి బడ్డీ దగ్గర ఆగి, "రత్నానికి ఆగకపోతే ఇక్కడికి తేకండి ఆచారిగారూ. పక్క జిల్లాకే తీసుకెళ్ళండి. ఇక్కడ బీరువా తెరిచేసరికి ఆలస్యమైపోతుంది," అని చెప్పింది.

అతను సరేనన్నాడు. మనసులో మాత్రం, నా చేత్తో వేసిన కప్ప, నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టిన ఆసుపత్రి, నా కూతురంటే తియ్యరా అనుకున్నాడు. పెద్దవాళ్ళ ప్రాపకం దొరికిన చిన్నవాడికి వచ్చే జబ్బే అది. దానికి ఇంజక్షను లేదు.

ఆ జబ్బు ఫలితం కూడా ఒక మధ్యాహ్నం తేలింది. ఆదివారం. రత్నం ఆకురాయి మీద ఒక తాళంచెవి రాస్తూ రాస్తూ పక్కకి ఒరిగిపోయింది. అప్పలాచారి ఈసారి గుత్తి ముట్టుకోలేదు. పక్కకి తిప్పి పడుకోబెట్టాడు. చూశాడు. ఇంకా చూశాడు. ఆగలేదు. అప్పుడే క్యారేజీ పట్టుకుని వచ్చిన కనకం క్యారేజీ అక్కడే వదిలేసింది. ఇద్దరూ పిల్లని ఎత్తుకుని రోడ్డు దాటారు. పక్క జిల్లా అన్న మాట అతనికి గుర్తొచ్చింది. అంత దూరం వెళ్ళే టైము లేదని కూడా అనిపించింది. అన్నిటికన్నా ముందు బీరువా కప్ప గుర్తొచ్చింది.

సమాజ వార్డులో తారు మీద పడుకోబెట్టగానే జనం డ్యూటీలోకి దిగారు. "అయ్యో పాపం" అన్నాడొకడు. "గాలాడనివ్వండి" అంటూ ఇంకొకడు మీద పడ్డాడు. రోజూ బడ్డీలో కూర్చుని అప్పలాచారి బీడీలు కాల్చే మనిషే వచ్చి, "ఎవరి తాలూకా?" అని అడిగాడు. కనకం వద్దు వద్దు అంటుండగానే అటెండరు ఒక గుత్తి తెచ్చి రత్నం గుప్పిట్లో కుక్కేశాడు. గుప్పిట మూసుకుపోయింది.

ప్రణవి పరిగెత్తుకొచ్చి పిల్లని చూసి, "బీరువా తియ్యండి," అంది.

గరుడాచలంగారు అక్కడే ఉన్నారు, అనిరుధ్‌కి వార్డు చూపిస్తున్నారు. అప్పలాచారి వెళ్ళి కాళ్ళ మీద పడ్డాడు. "బాబూ, నా గుంటకి ఇంజక్షను ఇప్పించండి బాబూ. తమరు సెప్తే అయిపోతాది."

"హస్తలోహ విధానము జరుగుచుండగా..." అని మొదలుపెట్టారు గరుడాచలంగారు. కానీ ఆయన రాక్షసుడేమీ కాదు. అందులోనూ కాళ్ళు పట్టుకున్నవాడు సమాజ ప్రతినిధి. "సరే, ప్రత్యేక పరిస్థితిగా పరిగణించి అనుమతి మంజూరు చేయడమైనది," అని జేబులోంచి పెన్ను తీసి, తేదీ అడిగి, సంతకం పెట్టి ఇచ్చారు.

ప్రణవి కాగితం లాక్కుని అటెండరు వైపు తిరిగింది. "తాళంచెవి?"

అటెండరు రత్నం చేతి వైపు చూశాడు. బీరువాది కూడా వాడుకలో ఉన్న తాళంచెవే. ఉత్తర్వు ప్రకారం దాన్నీ గుత్తిలోనే కట్టారు. ఆ గుత్తి ఇప్పుడు రత్నం గుప్పిట్లో ఉంది.

వేళ్ళు విప్పబోయారు. రాలేదు. ఫిట్స్‌లో బిగిసిన గుప్పిట ఎలా ఉంటుందో పట్టుకున్నవాళ్ళకే తెలుసు. కనకం ఒక్కో వేలూ పట్టుకుని ఏడుస్తూ లాగింది. "మధ్యలో తీస్తే డేటా పాడవుతుందండీ," అన్నాడు అనిరుధ్. కనకం తలెత్తి చూసిన చూపుకి ల్యాప్‌టాప్ మూసేశాడు.

అప్పలాచారి బీరువా దగ్గరికి ఉరికాడు. సూదితో పొడిచాడు, తీగ వంచి తిప్పాడు, అటెండరు తెచ్చిన స్పానరుతో బాదాడు. కప్ప చెక్కు చెదరలేదు. లోపల ఏడు లీవర్లూ అతను రాకిన చోట రాకినట్టే, కూర్చిన చోట కూర్చినట్టే ఉన్నాయి. ఒకటి లేస్తే ఒకటి పడుతోంది. తన చేతిని తనే తిట్టుకున్నాడు. వెనక రత్నం మడమలు తారు మీద కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. పెదవులు నీలంగా మారాయని ఎవరో అన్నారు. "మా బావమరిదికి కూడా ఇలాగే..." అని ఇంకొకడు మొదలుపెట్టాడు.

"కప్పనేటి సూస్తావు, నువ్వే సేసినావు గదా అది ఊడదు," అని కనకం అరిచింది. "ఎనక్కెల్లు. బీరువా గవుర్మెంటోల్లది."

అప్పటిగ్గానీ అతనికి బుర్ర వెలగలేదు. బీరువా వెనక్కి వెళ్ళి ఒక్క తన్ను తన్నాడు. ప్రభుత్వం టెండరు పిలిచి కొన్న బీరువా. వెనక రేకు అప్పడంలా లోపలికి పోయింది. ముందు తలుపుకి ఏడు లీవర్ల కప్ప దర్జాగా వేలాడుతూనే ఉంది.

ప్రణవి ఇంజక్షను ఇచ్చింది. ఆగలేదు. ఇంకోటి ఇచ్చింది. మడమల చప్పుడు మెల్లగా తగ్గి, ఆగిపోయింది. కాసేపటికి గుప్పిట దానంతటదే వదులైంది. గుత్తి తారు మీద పడింది. జనంలో ఒకడు చప్పట్లు కొట్టాడు, అది అతని డ్యూటీలో లేకపోయినా.

రత్నం బతికింది. మూడోనాడు కళ్ళు తెరిచి అమ్మని గుర్తుపట్టింది. ఇంటికొచ్చాక కుడిచెయ్యి కొంచెం పట్టు తప్పుతూ ఉండేది. మాట మధ్యలో ఆగి, కావలసిన ముక్క దొరక్క గోడ వైపు చూసేది. మెల్లగా కొంత రావచ్చు, అంతా వస్తుందో రాదో చెప్పలేనంది ప్రణవి. అప్పలాచారి ఆ పిల్లని బడ్డీకి తీసుకురావడం మానేశాడు. ఎండ అని చెప్పేవాడు. నిజానికి భయం. ఏం భయమో కనకానికీ చెప్పలేదు, తనకి తానూ చెప్పుకోలేదు.

ఆసుపత్రివారి నివేదిక మాత్రం తడుముకోలేదు. రోగి చేతిలో వాడుకలో ఉన్న తాళంచెవులు ఆద్యంతము ఉన్నవి. మూర్ఛ నిలిచినది. రోగి ప్రాణముతో ఇంటికి వెళ్ళినది. ఫలితము: సంతృప్తికరము. ఇంజక్షను సంగతి విడిగా ఇంకో ఫైల్లో ఉంది, బీరువా వెనకభాగము ధ్వంసం చేసి ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించాడని అప్పలాచారి మీద పెట్టిన ఫిర్యాదులో. ప్రణవిని ఆ ఫిర్యాదులో సాక్షిగా చేర్చి, కొండల మీద డాక్టరు లేని ఊరికి బదిలీ చేశారు. అక్కడ రోడ్డు కూడా లేదు కాబట్టి ఫలితాలు ఇంకా బాగుంటాయని అనిరుధ్ ఆశపడ్డాడు.

పురస్కార సభ పెద్దాసుపత్రి ఆవరణలోనే జరిగింది. షామియానా వేశారు. అప్పలాచారి కుటుంబాన్ని రప్పించి ముందు వరసలో కూర్చోబెట్టారు. కనకం రానంది. రాకపోతే కేసు బిగిస్తారేమోనని మొగుడు బతిమాలితే, పిల్ల చెయ్యి వదలకుండా వచ్చింది. గరుడాచలంగారు పొద్దున్న ఫిర్యాదు మీద సంతకం పెట్టిన చేత్తోనే సాయంత్రం అప్పలాచారికి శాలువా కప్పారు.

"ఆసుపత్రి సమాజమునకు నేర్పుట పాత పద్ధతి. సమాజము ఆసుపత్రికి నేర్పుట నేటి పద్ధతి. ఇందుకు సజీవ నిదర్శనము ఈ చిరంజీవి," అని రత్నాన్ని వేదిక మీదికి పిలిపించారు. ఆ పిల్ల ప్రాణం నిలబెట్టిన గుత్తిని వెండి పూత పూయించి, జ్ఞాపికగా పువ్వుల పళ్ళెంలో తెప్పించారు. రెండు చేతులతో రత్నానికి అందించారు. ఫోటోలవాళ్ళు ముందుకి తోసుకొచ్చారు.

రత్నం ఎడంచేత్తో గుత్తి పట్టుకుంది. కుడిచేతి వేళ్ళతో తడిమింది. ఒక తాళంచెవిని తడిమి వదిలేసి, ఇంకోదాన్ని తడిమింది. అప్పలాచారి ఆ వేళ్ళనే చూస్తున్నాడు. ట్రంకు పెట్టెది, సైకిలుది, ఏదో ఒకటి అను తల్లీ అనుకున్నాడు. పిల్ల తండ్రి వైపు తిరిగింది.

"ఏటి నాన్నా ఇది?"

మైకు దగ్గరగా ఉంది. అందరికీ వినిపించింది. "చూశారా, ఎంత జిజ్ఞాసో," అన్నారు గరుడాచలంగారు. సభ చప్పట్లు కొట్టింది.

అప్పలాచారి లేచి వేదిక దగ్గరికి వెళ్ళాడు. కింద కనకం కొంగు నోట్లో కుక్కుకుంది. అతను పిల్ల చేతి మీద చెయ్యి వేశాడు.

"తాళంచెవమ్మా," అన్నాడు.

రత్నం ఆ మాటని మనసులో తిప్పి చూసుకుంది. తర్వాత అడిగింది, "ఏటికి?"

ఆ ప్రశ్న ఆ ఆసుపత్రిలో అంతవరకూ ఎవరూ అడగలేదు. అడగవలసిన రోజున అప్పలాచారి బిస్కట్టు తింటున్నాడు.

"తలుపులు తియ్యడానికమ్మా," అన్నాడు. చప్పట్లు ఇంకా ఆగలేదు, అతను చెప్పింది ఎవరికీ వినిపించలేదు.